మాజోండి నల్ల గౌను

మాజోండి నడుం కొలవడానికి నా టేపు చాలేది కాదు. అందిన చోట గోటితో గుర్తు పెట్టుకుని, మిగిలిన జానెడూ మళ్లీ కొలిచేదాన్ని. ఆవిడ పొట్ట ఊగేలా నవ్వేది. "టేపు మార్చుకోవే మాషంగే, నన్నైతే మార్చలేవు" అనేది.

నేను కుట్టుపనిదాన్ని. మా ఎడెన్‌డేల్ లోయలో బడిపిల్లల యూనిఫారాలూ, పెళ్లి గౌన్లూ, చర్చి ఆడవాళ్ల తెల్ల కాలర్లూ చాలావరకు నా మిషను కిందే పుట్టాయి. కానీ ఆ ఏళ్లలో నేను ఎక్కువగా కుట్టినవి నల్ల గౌన్లు. ప్రతి శనివారం లోయలో ఎవరో ఒకరిని పూడ్చి వచ్చేవాళ్లం. మొగుడు పోయిన ఆడది ఏడాది పాటు ఆ ఒక్క నల్ల గౌనులోనే ఉండాలి. ఉతికి ఆరేసుకుని మళ్లీ అదే తొడుక్కోవాలి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ కాదు.

ఆవిడ అసలు పేరు ఖోంబిసిలే. జోండి వాళ్ల ఆడపడుచు కాబట్టి మెట్టినింటి వీధిలో అందరికీ మాజోండి. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య తీగె కంచె ఒక్కటే అడ్డం. బడి గేటు దగ్గర గ్విన్యాలు అమ్మేది. పులిసిన మైదాపిండిని ఉండలు చేసి నూనెలో వేస్తే ఎర్రగా పిడికెడేసి పొంగుతాయి. ఆవిడ పొయ్యి వెలిగిస్తే వీధి చివరిదాకా వాసన వచ్చేది, నా మిషను దానంతటదే ఆగిపోయేది. మా దగ్గర ఆడది లావుగా ఉంటే ఆ ఇల్లు చల్లగా ఉందని అర్థం. మొగుడు ఎల్ఫాస్ నలుగురిలో ఆవిణ్ణి "మా కొండ" అని పిలిచేవాడు. ఆవిడ సిగ్గుపడేది కాదు సరికదా, ఇంకాస్త నిటారుగా నడిచేది.

ఎల్ఫాస్ డర్బన్ రేవు నుంచి జోహానెస్‌బర్గ్‌కి లారీ తోలేవాడు. ఒక చలికాలం దగ్గు పట్టుకుంది. బెల్టుకి కొత్త చిల్లులు పొడిపించుకోవడం మొదలుపెట్టాడు. కొండల మీద గడ్డి పచ్చబడేసరికి మనిషి లేడు. క్షయ అన్నారు ఆసుపత్రిలో. వీధి నమ్మలేదు. లారీ డ్రైవరు, పైగా చిక్కి శల్యమై పోయాడు, వీధికి ఇంకేం రుజువు కావాలి? ఆ జబ్బు పేరు మా దగ్గర ఎవరూ నోటితో అనరు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని మూడు వేళ్లు ఎత్తి దించేస్తారు. పేరులో ఉన్నవి మూడు ఇంగ్లీషక్షరాలే కదా. ఎల్ఫాస్‌ని పూడ్చిన రోజు కుండల దగ్గర కూర్చుని క్యారెట్లు తరుగుతున్న ఆడవాళ్ల ఒళ్లలో ఆ వేళ్లు లేవడం నేను చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది. తింటున్నది ఆ ఇంటి కూడే, అంటున్నది ఆ ఇంటి మనిషినే.

మాజోండి కూడా చూసింది. నేల మీద పరిచిన పరుపు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. నేను గౌను కొలతలకని పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు నన్ను చూస్తారే వీళ్లంతా" అంది. "నేనెప్పుడు చిక్కుతానా అని చూస్తారు."

"చూడనీ. నిన్ను చిక్కించడం ఎవడి తరం?" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఇక ఏడాది మొదలైంది. ఎల్ఫాస్ అక్క తోలాని సామాను మోసుకుని వచ్చి ఆ ఇంట్లో కూర్చుంది, మరదలు నియమం తప్పకుండా చూడ్డానికి. వెధవరాలు గట్టిగా మాట్లాడకూడదు. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి. చర్చిలో తలుపు పక్కన, బండిలో వెనక సీట్లో కూర్చోవాలి. తన కప్పు, తన చెంచా, తన పళ్లెం వేరు. వెధవరాలి చేతిది పిల్లలకి పెట్టకూడదు గనక గ్విన్యాల పొయ్యి ఆరిపోయింది. రోజూ తెల్లారకముందే బకెట్లు మోసి, పిండి పిసికి, మెట్ట మీది బడిదాకా నడిచే మనిషి పరుపు మీద గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. చెయ్యడానికి రెండే పనులు మిగిలాయి, భయపడడం, తినడం.

తినక ఏం చేస్తుంది? తోలాని పళ్లెం నిండా మొక్కజొన్న సంకటి గుట్టగా పోసి, పులిసిన పాలు ఒంపి ముందు పెట్టేది.

"తిను పిల్లా. నువ్వు తగ్గావంటే మా తమ్ముడి పేరు పోతుంది. నువ్వు నిండుగా కనబడుతుంటే వాళ్ల నోళ్లు వాటంతటవే మూతపడతాయి" అనేది.

"ఆకలి లేదు వదినా."

"ఆకలికి కాదు, జనానికి తిను."

మొదట్లో జనానికే తిన్నది. తర్వాత తర్వాత తింటున్నంతసేపూ గుండెదడ కాస్త ఆగుతోందని తెలుసుకుంది. నిద్ర పట్టేది కాదు పాపం. కూతురు నోక్వాజి నాతో చెప్పేది, "పిన్నీ, అమ్మ నిద్రలేచి డబ్బాపాలు చెంచాతో నాకుతోంది" అని. ఆ పిల్ల బడిలో ఆఖరి తరగతి. వెదురు పుల్లలా ఉండేది. తల్లి పక్కన నిలబడితే కొండ పక్క కర్ర అని అందరూ వేళాకోళం చేసేవాళ్లు.

కొన్ని నెలలకే నల్ల గౌను చంకల దగ్గర పిగిలింది. పక్క కుట్లు విప్పి రెండు వైపులా గుడ్డముక్కలు వేశాను. మాజోండి ముఖంలో ఎల్ఫాస్ పోయాక మొదటిసారి వెలుగు చూశాను. కావాలనే కంచె దగ్గరికి వచ్చి, కుళాయికి వెళ్లే ఆడవాళ్లందరూ వినేలా, "ఇంకో రెండు వేళ్లు వదులు చెయ్యవే, ఊపిరాడ్డం లేదు" అంది. ఆ ఆడవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. మంగళవారానికి మాట మారింది. పాపం, ఎల్ఫాస్‌ది క్షయేనట, చూడండి ఆవిడ ఎలా ఉందో, అన్నారు. మా వీధిలో మనిషికి మంచి పేరు రావాలంటే గౌను పిగలాలి.

ఆ పేరు ఎన్నాళ్లో నిలవలేదు.

ముందు దాహం వచ్చింది. పెద్ద సీసా కూల్‌డ్రింకు ఒక్క ఊపులో తాగేసి ఇంకోటి తెమ్మనేది. చల్లటి తియ్యటిది గొంతులోకి దిగితేనే ప్రాణం నిలుస్తోందనేది. తాగిందంతా బకెట్‌లోకి పోయేది. బకెట్ చుట్టూ చీమలు బారులు తీరితే, ఎవరో చేతబడి చేసి పంపించిన చీమలని తోలాని ఇంటి చుట్టూ ఉప్పు చల్లింది. ఆ తర్వాత మాజోండి మెడ దగ్గర ఎముకలు తేలాయి. అంత తింటూ, అంత తాగుతూ, మనిషి లోపల్లోపల కరిగిపోవడం మొదలుపెట్టింది. రోజుకో బట్ట కట్టే మనిషైతే ఎవరికీ అంత తొందరగా తెలిసేది కాదు. ఒక్కటే గౌను, అదే నలుపు, అవే కుట్లు. నిన్న బిగుతుగా ఉన్న చోట ఇవాళ ముడతపడితే గుడ్డివాళ్లకి కూడా కనబడుతుంది.

ఒక మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు కంచె కిందుగా దూరి వచ్చింది. వెనక్కి చూసుకుంటూ గౌను విప్పి నా మిషను మీద పెట్టింది.

"నువ్వు వేసిన ముక్కలు తీసెయ్. బిగుతుగా కనబడాలి" అంది.

లోపల రెండు లంగాలు, వాటి కింద ఎల్ఫాస్ చలికోటు కట్టుకుని ఉంది. మండే ఎండాకాలం.

"కుట్లు తర్వాత. ముందు క్లినిక్‌కి పద. నేనొస్తాను" అన్నాను.

"ఎందుకు? నాకు తెలియందా?" అని ఒళ్లో మూడు వేళ్లు ఎత్తింది. తన వేళ్లని తనే చూసుకుని బావురుమంది.

"సూది గుచ్చకుండా నీకెలా తెలుసే? నువ్వేమన్నా డాక్టరమ్మవా?"

"ఆయన కూడా ఇలాగే పోయాడు. ముందు బెల్టు వదులైంది."

"ఆయన తినలేకపోయాడు. నువ్వు ఎద్దులా తింటున్నావు! రెండూ ఒకటెలా అవుతాయి?"

"క్లినిక్‌లో నన్ను ఆ జబ్బు చూసే ఏడో గది ముందు బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లని వీధిలోకొచ్చేలోపలే పాతేస్తారు. నోక్వాజి మొహం చూసేవాళ్లుండరు. నలుపు తీసేదాకా ఆగవే. ఏడాది నిండనీ. ఈ గౌను కాల్చేశాక నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

ముక్కలు తీసి బిగించి కుట్టి ఇచ్చాను. లేకపోతే ఆ కోటు మీద ఇంకో కోటు కట్టుకునేది.

ఆ చలికాలం కాలు కాలింది. పరుపు పక్కన కిరసనాయిలు హీటరు పెట్టుకుని కునుకు తీసింది. లేచి చూసేసరికి పాదం దానికి ఆని ఉంది, బొబ్బలెక్కి ఉంది, ఆవిడకి మంట తెలియనే లేదు. నల్ల మేజోడు తొడిగి దాచేసింది. నొప్పి లేని పుండుని ఎవరు పట్టించుకుంటారు? వాసన మొదలయ్యాక చర్చిలో తలుపు పక్క బెంచీ ఖాళీ అవసాగింది. దాంతో ఇది ఆ జబ్బేనని అందరి అనుమానం తీరిపోయింది, మాజోండి అనుమానంతో సహా.

నలుపు తీసే రోజు దగ్గరపడుతుండగా, ఒక పొద్దున నోక్వాజి కేకలు పెట్టింది. వెళ్లేసరికి మాజోండి నేల మీద పడి ఉంది, ఊపిరి వేగంగా తీస్తోంది, నోట్లోంచి కుళ్లిన పండు వాసన. తోలాని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"క్లినిక్‌కా? పరువు తీస్తారా?"

"పక్కకి తప్పుకో వదినా, లేదంటే నిన్ను కూడా మోసుకుపోతాను" అన్నాను. పక్కింటి వాళ్ల వ్యానులో ఎక్కించాం.

క్లినిక్‌లో సిస్టర్ గ్వాలా వేలు పొడిచి చక్కెర చూసే మిషనులో రక్తపు చుక్క పెట్టింది. మిషను అంకె చూపించలేదు. తనకి లెక్క అందనంత ఎక్కువని చెప్పింది. సెలైను ఎక్కించి, మందు ఇచ్చి, పట్నం ఆసుపత్రికి పంపారు. కొంత తేరుకున్నాక అక్కడ అన్ని పరీక్షలూ చేశారు. ఏడో గది పరీక్ష కూడా.

మూడు వేళ్ల జబ్బు లేదు. క్షయా లేదు. చక్కెర జబ్బు. నేను మంచం పక్కనే ఉన్నాను, సిస్టర్ గ్వాలా కూడా ఆ రోజు చూడ్డానికి వచ్చింది. మాజోండి ఎండిన పెదాలతో అడిగింది, "ఆ మూడూ లేవా?"

"లేవమ్మా."

చెయ్యి దుప్పటి మీద పెట్టి మూడు వేళ్లు ఎత్తి, ఒక్కొక్కటీ ముడిచింది. ముడిచి గుప్పిట ముద్దుపెట్టుకుంది. నేనూ ఏడ్చాను, నోక్వాజీ ఏడ్చింది.

సిస్టర్ మా ఏడుపు ఆగేదాకా ఉండి చెప్పింది, "సంతోషమే గానీ ఇదేం చిన్నది కాదు తల్లీ. మనిషి భయపడితే ఒళ్లు ఏమనుకుంటుందో తెలుసా? కుక్క తరుముతోందనుకుంటుంది. పరిగెత్తాలి కదా అని దాచుకున్న చక్కెర తీసి రక్తంలో పోస్తుంది. నువ్వు పరిగెత్తలేదు, పరుపు మీద కూర్చున్నావు. నీ కుక్క ఏడాది పాటు పోలేదు. దిగులుకి తిన్నావు, నిద్ర లేదు, కొవ్వంతా పొట్ట చుట్టూ చేరింది. ఆ కొవ్వుంటే చక్కెరని అదుపు చెయ్యడానికి ఒళ్లు తనే తయారుచేసుకునే మందు కూడా పని చెయ్యదు. చిక్కుతుంటే ఇంకా భయపడ్డావు, ఇంకా తీపి తాగావు. గానుగెద్దులా తిరిగావమ్మా. ఇప్పుడు తీపి మానెయ్యాలి. పాదం తీసెయ్యాలి, రేపే. లేకపోతే విషం పైకి పాకుతుంది."

మాజోండి వింటున్నట్టే తలూపింది. సిస్టర్ వెళ్లగానే నావైపు తిరిగింది. "విన్నావా? ఒట్టి చక్కెరేనటే!"

"పాదం మాట వినలేదా?"

"విన్నా. శనివారం నలుపు తీస్తారు కదా. సోమవారం తీయించుకుంటా."

తోలాని కూడా అదే మాట. నలుపు మీద ఉండగా కత్తి పెడితే ఆ చీకటి ఒంట్లోనే ఉండిపోతుందట. నేను అరిచాను, డాక్టరు అరిచాడు. మాజోండి సంతకం పెట్టి, నోక్వాజి భుజం పట్టుకుని కుంటుకుంటూ బయటికి వచ్చింది. ఆవిడ ముఖం చూసి నేను అరవడం మానేశాను. ఏడాది తర్వాత ఆ మనిషి తలెత్తి నడుస్తోంది.

శనివారం గొడ్డుని కోశారు. పెరట్లో నేను కుట్టిన నల్ల గౌనుని కర్రతో ఎత్తి మంటలో వేశారు. కొత్త గౌను నేనే కుట్టాను, ఎర్ర పూలది. పాత కొలతే పెట్టమని ఒట్టు వేయించుకుంది. లోపల లంగాలు కట్టుకుని, కుర్చీలో కూర్చుని, కాలు దుప్పటి కింద దాచుకుంది. చక్కెరేనట అన్న మాట అప్పటికే వీధంతా పాకింది. ఏడాదిగా ఆ గడప తొక్కని వాళ్లు వచ్చారు. ఒకళ్లు కేకు తెచ్చారు, ఒకళ్లు స్కోన్లనే తియ్యటి బన్నులు, ప్రతివాళ్ల చంకలో ఒక పెద్ద కూల్‌డ్రింకు సీసా. సంతోషానికి మాకు వేరే ఏం తెలుసు?

"మాజోండీ, నా చేత్తో ఒక్క ముక్క!"

"చక్కెరేగా తల్లీ, దేవుడు చల్లగా చూశాడు, తాగు!"

నేను వెళ్లి గ్లాసు చేతిలోంచి లాక్కున్నాను. "మీకు బుద్ధుందా? ఇది ఆవిడకి విషం!"

కింది సందులో ఉండే ముసలమ్మ ఒకావిడ మెల్లగా అంది, "అదేంటి, తినకూడదా? తినలేకపోతోందా?" ఆవిడ చెయ్యి ఏప్రాన్ కింద ఉంది. ఆ చెయ్యి కదలడం నేనూ చూశాను, మాజోండీ చూసింది.

మాజోండి చెయ్యి చాపి గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. నా కళ్లలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుతోంది. ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు బోర్లించి చూపించింది. అందరూ కేరింతలు కొట్టి పాట ఎత్తుకున్నారు. తర్వాత ప్రతి చేతిలోంచీ ఒక ముక్క తిన్నది. నేను మా ఇంట్లోకి పోయి తలుపేసుకుని, వాళ్లందర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. వినేవాళ్లెవరు?

ఆదివారం ఆవిడకి తెలివి తప్పింది. సోమవారం ఆసుపత్రిలో కత్తి పెట్టాల్సిన వేళకి పాదంతో పని లేకుండా పోయింది.

ఆవిణ్ణి పూడ్చిన శనివారం మళ్లీ అదే పెరట్లో అవే కుండలు. తోలాని నేల మీద పరుపు వేసుకుని కూర్చుంది. నేను కుండల దగ్గర క్యారెట్లు తరుగుతున్నాను. నోక్వాజి నీళ్ల బకెట్టు మోస్తోంది. నా పక్కన కూర్చున్న ఆవిడ, మాజోండికి స్కోన్లు తెచ్చినావిడే, మెల్లగా అడిగింది.

"అసలు ఏం జబ్బే?"

"చక్కెర" అన్నాను. "నీకు చెప్పలేదా? చక్కెర జబ్బు. పరీక్ష చేశారు. నేను పక్కనే ఉన్నాను."

"చక్కెరేలే" అందావిడ జాలిగా. "చక్కెరనే అనాలిలే, పిల్ల బతకాలి కదా." అని అవతలావిడ వైపు తిరిగి, ఒళ్లో మూడు వేళ్లు ఎత్తి దించింది.

నేను కత్తి కింద పడేశాను. నేనేం అన్నానో నాకే గుర్తులేదు, నలుగురు నన్ను పట్టుకున్నారని తర్వాత చెప్పారు. నాకు గుర్తున్నది నోక్వాజి. బకెట్టు దించి ఆ వేళ్లనే చూస్తోంది. తర్వాత అందరి కళ్లూ తన వెదురుపుల్ల చేతుల మీద పడడం కూడా చూసింది. చేతులు తుడుచుకుని కుండ దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, నాకు పెట్టు" అంది. "పళ్లెం నిండా పెట్టు."

అందరికీ కనబడేలా పెరటి మధ్యలో నిలబడి, ఏడుస్తూ తినడం మొదలుపెట్టింది.